మామ్మ సుట్ట, మన సుట్టా బ్రేక్

మొన్న సంక్రాంతికి ఏటికొప్పాక వెళ్లాను. అడ్డరోడ్డు దగ్గర హైవే మీద బస్సు దిగి, ఆటో పట్టుకుని ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. మామ్మ అరుగు మీద కూర్చుని ఉంది. బ్యాగు కింద పెట్టకముందే నా గెడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది.

"ఏట్రా బావూ, మూతి ఇలగ నల్లబడిపోనాది? సుట్ట కాలుస్తన్నావేటి?"

అమ్మా నాన్నా ఇద్దరూ రోజూ వీడియో కాల్‌లో నన్ను చూస్తూనే ఉన్నారు. వాళ్లు కనిపెట్టలేదు. నా ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, అది కూడా కారణం కావచ్చు. మామ్మకి మూడు సెకన్లు పట్టింది. "చలికి పగిలాయి మామ్మా" అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. నవ్వినప్పుడు కనిపించిన నాలుగు పళ్లూ కాటుక పూసినట్టు ఉన్నాయి. ఎందుకంటే మామ్మ నలభై ఏళ్ల పైనుంచి అడ్డపొగ తాగుతోంది. ఆవిడ దగ్గర నా అబద్ధం ఎలా నిలబడుతుంది?

ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. మా వయసు వాళ్లకి పొగాకు గురించి చెప్పేటప్పుడు ఊపిరితిత్తులతో మొదలుపెట్టకండి, ముఖంతో మొదలుపెట్టండి. అలాగని ముఖం దగ్గరే ఆపేయకండి. ఈ రెండో ముక్క నాకు మామ్మ వల్ల తెలిసింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఆ మాట సంగతి. మా హాస్టల్‌లో సిగరెట్‌ని ఎవరూ సిగరెట్ అనరు, సుట్టా అంటారు. హిందీ కుర్రాళ్ల నుంచీ, వెబ్ సిరీస్‌ల నుంచీ వచ్చింది. సుట్టా బ్రేక్ అంటే రెండు ల్యాబ్‌ల మధ్య పది నిమిషాలు గేటు బయట టీ కొట్టు. మా మామ్మ చుట్టని సుట్ట అంటుంది. మా వైపు యాసలో చ చాలాసార్లు స అయిపోతుంది కదా. వినడానికి రెండూ ఒకటే. ఇంగ్లీషు వాళ్లు చెరూట్ అనే మాట కూడా తమిళం 'సురుట్టు' నుంచి వెళ్లిందే. 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిద చూసి ఇది 'లంకా' చుట్టది అని చెప్పగలనంటాడు. ఆ లంక మన గోదావరి లంకే, అక్కడి పొగాకుతో చుట్టిన చుట్టే. అంటే మనం కూల్ అనుకుని ఇంకెక్కడి నుంచో తెచ్చుకున్న అలవాటు, అరుగు మీద కూర్చున్న ముసలావిడ నోట్లో మనకన్నా ముందు నుంచే ఉంది.

నేను ఎందుకు మొదలుపెట్టాను? నిజాయితీగా చెప్తాను, టెన్షన్ వల్ల కాదు. ఇంట్లో అలాగే చెప్పాను గానీ కాదు. మొదటి సెమిస్టర్‌లో టీ కొట్టు దగ్గర నా చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలిసేది కాదు. పక్కనున్న సీనియర్‌కి తెలుసు. వాడి రెండు వేళ్ల మధ్య ఒకటి ఉంది. వాడు గోడకి ఆనుకుని నిలబడిన తీరు, పొగ వదులుతూ కళ్లు చిన్నవి చేసిన తీరు, అదంతా నాకు కావాలి. రజనీకాంత్ సిగరెట్ ఎగరేసి పెదాలతో పట్టుకోవడం మా నాన్న తరానికి. మా తరానికి 2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే మన గిరీశం ఉండనే ఉన్నాడు. 'కన్యాశుల్కం'లో ఆయన దగ్గర వెంకటేశానికి బాగా ఒంటబట్టిన విద్య చుట్ట కాల్చడమే. నూట ముప్పై ఏళ్ల కింద విజయనగరంలో కూడా కుర్రాడు పొగ మొదలుపెట్టింది పెద్దమనిషిలా కనిపించడానికే అన్నమాట. మేం కనిపించడం కోసం మొదలుపెడతాం. కాబట్టి ఎలా కనిపిస్తామో చెప్తే వింటాం. అరవై ఏళ్లకి ఊపిరితిత్తులు పాడవుతాయి అంటే, అరవై అనేది నాకు వేరే ఎవడి వయసులోనో ఉంది.

థియేటర్‌లో సినిమా ముందు వచ్చే పొగాకు ప్రకటనకి మేం చప్పట్లు కొడతాం. డైలాగులు కూడా కలిపి చెప్తాం. 'ఈ నగరానికి ఏమైంది' అన్న ప్రకటన మాట 2018లో ఒక కామెడీ సినిమాకి పేరైపోయింది, మంచి సినిమా కూడా. భయపెట్టాల్సింది మీమ్ అయిపోయాక అది భయపెట్టదు. ఇక ప్యాకెట్ మీద బొమ్మ. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్‌లో 85 శాతం మేర హెచ్చరిక ఉండాలని రూల్. బాగుంది. కానీ మా టీ కొట్టు దగ్గర ప్యాకెట్ కొనేవాడిని నేను ఇప్పటిదాకా ఇద్దర్నే చూశాను. అందరూ లూజ్‌గా ఒకటి, మహా అయితే రెండు కొంటారు. ప్యాకెట్ కొట్టువాడి డబ్బా పక్కన ఉండిపోతుంది. ఆ 85 శాతం బొమ్మ రోజంతా ఆయనే చూస్తున్నాడు. ఆయనకేమో పొగ అలవాటు లేదు. విద్యాసంస్థకి వంద గజాల లోపల అమ్మకూడదని కూడా 2003 చట్టంలో ఉంది. గజాలు నేను కొలవలేదు గానీ, పది నిమిషాల బ్రేక్‌లో వెళ్లి, తాగి, తిరిగి వచ్చేస్తున్నాం.

సరే, ముఖానికి ఏమవుతుంది? నేను డాక్టర్‌ని కాదు, చదివి అర్థం చేసుకున్నంత చెప్తాను. నికోటిన్ లోపలికి వెళ్లగానే చర్మంలో ఉండే సన్నటి రక్తనాళాలు బిగుసుకుంటాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన సీట్లో వచ్చి కూర్చుంటుంది. అంటే చర్మానికి వచ్చే రక్తమే తక్కువ, వచ్చిన దాంట్లో ఆక్సిజన్ ఇంకా తక్కువ. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచేవి కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే ప్రొటీన్లు. పొగ వల్ల అవి విరగడం పెరుగుతుంది, కొత్తవి తయారవడం తగ్గుతుంది. దీనికి తోడు రోజూ పదిసార్లు పీల్చడానికి మూతి ముడుస్తాం, పొగ పడకుండా కళ్లు చికిలిస్తాం. మడతపెట్టిన కాగితం లాగా అక్కడే గీతలు పడతాయి. పళ్లకి గార, వేళ్లకి పసుపు, చిగుళ్లకీ పెదాలకీ నలుపు, దెబ్బ తగిలితే మానడం ఆలస్యం.

1985లో డగ్లస్ మోడల్ అనే బ్రిటిష్ డాక్టర్ దీనికి 'స్మోకర్స్ ఫేస్' అని పేరు పెట్టి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. పేషెంట్ చెప్పకపోయినా ముఖం చూసి చెప్పొచ్చు అన్నది ఆయన వాదన. (మా మామ్మ ఆ జర్నల్ చదవలేదు.) నాకు బాగా నచ్చింది మాత్రం కవలల స్టడీ. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ట్విన్స్‌బర్గ్ అనే ఊళ్లో ఏటా కవలల పండుగ జరుగుతుంది. అక్కడ 79 జతల కవలల ఫొటోలు తీసి, ఎవరు పొగ తాగుతారో చెప్పకుండా డాక్టర్లకి చూపించారు. 2013లో ఫలితాలు వచ్చాయి. తాగే మనిషికి కళ్ల కింద సంచులు, ముక్కు పక్క నుంచి దిగే గీతలు, పై పెదవి మీద ముడతలు ఎక్కువ. ఇద్దరూ తాగేవాళ్లయినా, ఒకరు ఐదేళ్లు ఎక్కువ తాగి ఉంటే అది కూడా కనబడింది. మా భాషలో చెప్పాలంటే కోడ్ అంతా ఒకటే, ఒక్క వేరియబుల్ మార్చి రన్ చేశారు. అవుట్‌పుట్ మారింది.

ఇలా చూపిస్తే నిజంగా మానేస్తారా అన్నది అసలు ప్రశ్న. ఆస్ట్రేలియాలో పెర్త్ దగ్గర మందుల షాపుల్లో ఒక ప్రయోగం చేశారు. 18 నుంచి 30 ఏళ్ల లోపు పొగ తాగేవాళ్లు 160 మంది. సగం మందికి మామూలుగా సలహా చెప్పారు. మిగతా సగానికి సలహాతో పాటు వాళ్ల ఫొటోనే కంప్యూటర్‌లో వయసు పెంచి చూపించారు, పొగ తాగితే ఇలా, తాగకపోతే ఇలా అని. ఆరు నెలల తర్వాత ఊపిరి పరీక్షలో కూడా మానేసినట్టు తేలినవాళ్లు మొదటి గుంపులో 80కి 1, రెండో గుంపులో 80కి 11. పదకొండు చిన్న సంఖ్యలా కనిపిస్తుంది. నేను ఎన్నిసార్లు మానేశానో నాకు తెలుసు కాబట్టి నాకది పెద్ద సంఖ్యే. జర్మనీలో వైద్య విద్యార్థులు ఇదే ఐడియాతో 'స్మోకర్‌ఫేస్' అని యాప్ కూడా చేసి స్కూళ్లలో వాడారు. మన డిపార్ట్‌మెంట్‌లో మినీ ప్రాజెక్టుకి ప్రతి ఏడాదీ అదే అటెండెన్స్ ఫేస్ రికగ్నిషన్ చేస్తున్నారు. దాని బదులు ఇది చేయొచ్చు కదా. మన ముఖాలతో, మన చర్మం రంగులతో.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ముఖం గురించి మాట్లాడటం మొదలుపెడితే అది వెక్కిరింతగా మారడానికి ఒక్క నిమిషం చాలు. మన దేశంలో పుట్టుకతోనే పెదాలు ముదురు రంగులో ఉండేవాళ్లు కోట్లమంది. మా వింగ్‌లో ఒకడికి అలాగే ఉంటాయి, వాడు జీవితంలో ఒక్క దమ్ము కొట్టలేదు. అయినా వార్డెన్ దగ్గర నుంచి జూనియర్ల దాకా వాణ్ణే అనుమానిస్తారు. అమ్మాయిలకైతే ఇంకా ఘోరం, పెదవి రంగు చూసి క్యారెక్టర్ రాసేస్తారు. నేను అడుగుతున్నది ఎవడి ముఖం వాడికి చూపించమని. పక్కవాడి ముఖాన్ని చూసి తీర్పు చెప్పమని కాదు.

ఇప్పుడు మామ్మ సంగతి.

అడ్డపొగ అంటే తెలియని వాళ్ల కోసం: చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకుని, పెదాలు మూసి కాలుస్తారు. నిప్పు నోటి లోపల ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఉన్న అలవాటు. ఫిలిప్పీన్స్, పనామా, కొలంబియా లాంటి చోట్ల కూడా ఉందని చదివినప్పుడు, మా అరుగు నుంచి పనామా దాకా ఒకే పిచ్చా అనిపించింది. చిన్నప్పుడు నాకు ఇది మ్యాజిక్‌లా ఉండేది. మామ్మ నోట్లో నిప్పు ఉంది, అయినా మాట్లాడుతోంది, నాకు లెక్కలు అప్పజెప్పమంటోంది.

ఎందుకలా అని ఈసారి అడిగాను. "సెరుకు తోటలో గాలికి ఆరిపోద్ది కదరా. నుసి పన్లో రాలదు. సుట్ట సానాసేపు వస్తాది" అంది. కాసేపాగి, "మొగోళ్లకి అగుపడదు" అంది. మా ఊళ్లో షుగర్ ఫ్యాక్టరీ 1933 నాటిది, చుట్టుపక్కలంతా చెరకే. మామ్మ వయసులో సగం ఆ తోటల్లోనే గడిచింది. వాళ్లమ్మని చూసి నేర్చుకుందట. ఈ ఆఖరి కారణం దగ్గర నేను ఆగిపోయాను. నేను నలుగురికి కనిపించాలని పొగ తాగాను. ఆవిడ ఎవరికీ కనిపించకూడదని నిప్పుని లోపలికి తిప్పుకుంది. మగాడు తాగితే స్టైలు, ఆడది తాగితే నోరు మూసుకుని తాగాలి. మూసుకున్న నోట్లో గాలి వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుందని కొలిచినవాళ్లు ఉన్నారు.

పెద్ద స్టడీ ఒకటి 1971లో వచ్చింది. పిండ్‌బోర్గ్, మెహతా మొదలైన డాక్టర్లు శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది గ్రామస్తుల నోళ్లు చూశారు. ప్రపంచంలో మామూలుగా అంగిలికి క్యాన్సర్ రావడం చాలా అరుదు. అడ్డపొగ ఉన్న మా ప్రాంతంలో మాత్రం అది సరిగ్గా అక్కడే వస్తుంది. మొదట అంగిలి తెల్లబడుతుంది, చిన్న ఎర్ర చుక్కలు తేలతాయి, మందపాటి మచ్చలు కడతాయి. నొప్పి ఉండదు. అద్దంలో కనబడదు. మన అంగిలిని మనం ఎప్పుడు చూసుకున్నాం?

భోగి మర్నాడు మామ్మని నోరు తెరవమని ఫోన్ టార్చ్ వేసి చూశాను. నేను చూసింది సరిగ్గా వర్ణించలేను. పొడిబారిన చెరువు అడుగులా తెల్లగా, బీటలుగా ఉంది. మధ్యలో ఒక చోట ఎర్రగా. ముఖం మీద ఏముంది? ముడతలు ఉన్నాయి, మూతి చుట్టూ గీతలు ఉన్నాయి, కానీ డెబ్బై దాటిన ఏ మామ్మకి లేవు? నేను మొదట్లో చెప్పిన ముఖం వాదన ఇక్కడ పనిచెయ్యదు. ఎండలో పని చేసిన ముఖం ఎక్కడ ఆగిందో, పొగ ముఖం ఎక్కడ మొదలైందో చెప్పలేం. అసలు మచ్చ లోపల ఉంది.

ఆ సాయంత్రం బాబాయ్ పని చేసే షెడ్డుకి వెళ్లాను. బాబాయ్ లక్క బొమ్మలు చేస్తాడు. మా ఊరి బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది, సహజ రంగుల మీద పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద కూడా మా బొమ్మలే వెళ్లాయి. అంకుడు కర్ర తిరుగుతుంటే రంగు కలిపిన లక్క ముక్కని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో అద్దితే మెరుపు వస్తుంది. మామ్మ సంగతి చెప్తే బాబాయ్ మిషన్ ఆపలేదు. చేతిలో ఉన్న బొమ్మని చూపించి, "ఇది బాగుందా?" అన్నాడు. బాగుంది, ఎర్రగా మెరుస్తోంది. "కర్ర సరిగ్గా ఆరలేదు. రెండు నెల్లలో పగులుద్ది" అని పక్కన పడేశాడు. కాసేపటికి, "రేపు వైజాగ్ తీసుకెళ్లిపోదాం, బండి నేను మాట్లాడతాను" అన్నాడు.

వైజాగ్‌లో ఒక డెంటల్ ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ మామ్మని తిట్టలేదు, అది నాకు నచ్చింది. ఎర్రగా ఉన్న చోట చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా వారం రోజులు నేను కాలేజీలో ఉన్నాను. ఆ వారంలో టీ కొట్టు వైపు వెళ్లలేదు అని రాస్తే బాగుంటుంది. రెండుసార్లు వెళ్లాను. రెండోసారి వెలిగించి, సగంలో పారేశాను. నేను తాగుతున్నది టార్చ్ వేసి చూసిన ఆ అంగిలి దగ్గరికే వెళ్తోంది అనిపించింది. రిపోర్టులో క్యాన్సర్ లేదు. కణాల్లో మార్పు మొదలైందని ఉంది. మానేస్తే అంగిలి మీద మచ్చలు చాలా వరకు తగ్గే అవకాశం ఉందనీ, మూడు నెలలకోసారి చూపించుకోమనీ చెప్పారు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. 1971 నుంచి ఈ సంగతి డాక్టర్లకి తెలుసు. మా ఊరి కొట్లో మామ్మ కొనే చుట్టల కట్ట మీద ఈ రోజుకీ ఏ బొమ్మా లేదు. దారంతో కట్టి ఉంటుంది, అంతే. సినిమా ముందు ప్రకటనలో కనిపించే సిటీ మనుషుల్లో మామ్మలాంటి మనిషి ఒక్కరూ లేరు. ఆవిడకి చదవడం రాదు, ఊపిరితిత్తి బొమ్మ చూపిస్తే మేక కాలేయం అనుకుంటుంది. కానీ టార్చ్ వేసి తీసిన తన అంగిలి ఫొటో చూపించినప్పుడు చాలాసేపు చూసింది. "ఇది నాదేనేటి?" అని రెండుసార్లు అడిగింది. పెర్త్ వాళ్లు కుర్రాళ్లకి వాళ్ల ముఖం చూపించారు కదా, మామ్మకి చూపించాల్సిన ఫొటో ఇదీ. దీనికి ఏఐ అక్కర్లేదు. ఊళ్లో ప్రతి ఆశా కార్యకర్త దగ్గరా ఫోన్ ఉంది, ఫోన్‌కి టార్చ్ ఉంది. అడ్డపొగ తాగే ప్రతి మనిషికీ ఏడాదికి రెండుసార్లు ఆవిడ అంగిలి ఆవిడకే చూపిస్తే చాలు. మన క్లబ్బు వాళ్లం, ఎన్ఎస్ఎస్ వాళ్లం వేసవి క్యాంపుకి ఊళ్లకి వెళ్లినప్పుడు మొక్కలు నాటి గ్రూప్ ఫొటో దిగుతాం. ఈసారి ఒక దంత వైద్యుణ్ణి కూడా బస్సు ఎక్కించుకుంటే నేను మా ఊరు చూపిస్తాను.

మామ్మ మానేసిందా అంటే, రోజుకి అయిదారు నుంచి ఒకటికి వచ్చింది. ఆ ఒకటి కూడా ఇప్పుడు నిప్పు బయటికి పెట్టి, అరుగు మీద, అందరూ చూస్తుండగానే కాలుస్తోందట. పిన్ని సిగ్గుపడుతోంది. డాక్టరమ్మ ఒప్పుకోలేదు, ఏ వైపు తిప్పినా పొగ పొగే అంది. నేను తాగి ఈ రోజుకి నలభై మూడు రోజులు. పెదాల రంగు పెద్దగా మారలేదు, దానికి నెలలు పడుతుందట.

ప్రతి ఆదివారం సాయంత్రం వీడియో కాల్ చేస్తాను, బ్యూటీ మోడ్ ఆపేసి. ముందు నా మూతి కిటికీ వెలుతురులో చూపించాలి, అది ఆవిడ రూలు. తర్వాత ఆవిడ వంతు. పిన్ని టార్చ్ పట్టుకుంటుంది, మామ్మ ఫోన్‌ని మరీ దగ్గరికి తెచ్చేసుకుంటుంది. నాకు స్క్రీన్ నిండా ముక్కుపుడక ఒక్కటే కనబడుతుంది. "కిందికి మామ్మా, కిందికి" అని అరుస్తాను. రూమ్మేట్ హెడ్‌ఫోన్స్ తీసి ఏమైందిరా అంటాడు.